భరిణెకూ ఓ చిత్తరువు

1965 క్రిస్మస్‌కు అమెరికా తపాలా శాఖ ఐదు సెంట్ల బిళ్ల ఒకటి తెచ్చింది. పొడవాటి బాకా ఊదుతూ గాల్లో అడ్డంగా తేలిపోతున్న దేవదూత బొమ్మ. ఆ దూతను ఏ పేరుమోసిన చిత్రకారుడూ ఊహించి గీయలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్ అనే ఊళ్లో, గాలి ఎటు వీస్తోందో తెలియడానికి 1840లో చర్చి మీద నిలబెట్టిన గాలిసూచిక అది. లూసీల్ షాబో అనే చిత్రకారిణి 1939లో దాన్ని నీటిరంగుల్లో ఉన్నదున్నట్టు కాగితం మీదికి దించారు. పాతికేళ్ల తర్వాత ఆ బొమ్మే తపాలా బిళ్లకెక్కి ఇంటింటికీ వెళ్లింది.

షాబో వేసినటువంటి బొమ్మలు 18 వేల పైచిలుకు ఉన్నాయి. అవన్నీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో రాజులు, యుద్ధాలు, కొండలు, సెలయేళ్లు కనిపించవు. వెన్నముద్ద మీద పువ్వు గుర్తు వేసే చెక్క అచ్చు కనిపిస్తుంది. కోటు గుండీ, బిస్కట్ల పిండిని కోసే రేకు అచ్చు, గుడ్డపేలికల బొమ్మ, తలుపు గడియ, నీలిరంగు పిట్టను గీసిన జాడీ, అమ్మమ్మల నాటి బొంత, గుర్రపు జీను... ఇలాంటివే అన్నీ. ఒక్కో వస్తువుకు ఒక్కో కాగితం. వెనక గది, పక్కన మనిషి, కింద బల్ల ఏదీ ఉండదు. తెల్లటి కాగితం మధ్యలో ఆ వస్తువు ఒక్కటే, ఇంటి పెద్ద ఫొటోకు కూర్చున్నంత హుందాగా ఉంటుంది.

‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ అని వాటికి పేరు. నేను వాటి ప్రేమలో పడి చాలాకాలమైంది. ఇంట్లో రోజూ చేతికి తగిలే ఒక చిన్న ముచ్చటైన వస్తువు ముందు కూర్చుని, దాని ఒంపులనూ గీతలనూ పగుళ్లనూ ఓపిగ్గా కాగితం మీద పెట్టడం చాలా పెద్ద పని అని నా నమ్మకం. ఆ పని మన తెలుగిళ్ల వస్తువులకు ఇంకా జరగలేదన్నది నా బెంగ.

పనిలేని కుంచెలు, బొమ్మలేని వస్తువులు

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలాక లక్షల ఉద్యోగాలు పోయాయి. పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు వేసి బతికేవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1935లో పనికల్పన పథకాలు మొదలుపెట్టి, రోడ్లు వేసేవాళ్లతోపాటు బొమ్మలు వేసేవాళ్లకూ పని ఇచ్చింది. ఆ పథకాల్లో చిత్రకారుల కోసం పెట్టిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టుకు సారథి హోల్గర్ కాహిల్. మామూలు మనుషులు చేసిన వస్తువుల్లో కళ ఉందని గట్టిగా నమ్మినవాడాయన. 1932లోనే న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో అమెరికన్ జానపద కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు.

ఇండెక్స్ అసలు ఆలోచన మాత్రం ఇద్దరు ఆడవాళ్లది. ఒకరు రొమానా జావిట్జ్. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బొమ్మల విభాగం పెద్ద. వస్త్రాలకో నాటకాల రంగాలంకరణకో నమూనాలు వెతుక్కుంటూ వచ్చే డిజైనర్లకు ఏది కావాలన్నా బీరువాలోంచి తీసి ఇచ్చేవారు. ఐరోపా దేశాల జానపద కళ మీద రంగురంగుల పుస్తకాలు దొరికేవి. అమెరికాలోని పాత జాడీ బొమ్మ ఇమ్మంటే ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. రెండో ఆవిడ రూత్ రీవ్స్. ప్యారిస్‌లో ఫెర్నాండ్ లెజే దగ్గర చిత్రకళ నేర్చుకుని వచ్చిన వస్త్ర డిజైనర్, రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కు తివాచీ, గోడవస్త్రం రూపొందించినావిడ. ఒకచోట పనిలేని చిత్రకారులున్నారు, ఇంకోచోట బొమ్మకు నోచుకోని వస్తువులున్నాయి. ఈ రెంటినీ కలపాలన్నది వాళ్ల ఆలోచన. అలా మొదలైన ఇండెక్స్‌కు రీవ్సే తొలి పర్యవేక్షకురాలు.

1942 దాకా పని సాగింది. ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో వందల మంది చిత్రకారులు పనిచేశారు. వలస కాలం నుంచి 1900 దాకా ఆ నేల మీద చేసిన వస్తువులను మ్యూజియాల్లోనూ మామూలు ఇళ్లల్లోనూ వెతికి పట్టుకున్నారు. వారం వారం జీతం, న్యూయార్క్‌లోనైతే 24 డాలర్ల లోపు. వాళ్లలో డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌కు చెందిన ఎడ్వర్డ్ లోపర్ అనే నల్లజాతి కుర్రాడు ఒకడు. 1936లో చేరేనాటికి ఇరవయ్యేళ్లు. కళాశాల గడప తొక్కింది లేదు. ఆ పాత వస్తువులను చూసి గీస్తూ గీస్తూనే రంగుల పట్టు సంపాదించి, తర్వాత పేరున్న చిత్రకారుడై, దశాబ్దాలపాటు ఎందరికో పాఠం చెప్పాడు.

వెలుగు ఎడమవైపు నుంచి

ఈ బొమ్మలు చూడటం ఒక పద్ధతి తెలిస్తే రుచి పెరుగుతుంది. మొదట వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడాలి. పైన ఎడమవైపు నుంచి వెలుగు రావాలన్నది చిత్రకారులకు ఇచ్చిన నియమం. అందువల్ల ఒక రాష్ట్రంలో ఒకరు వేసిన జాడీ, వెయ్యి మైళ్ల అవతల ఇంకొకరు వేసిన గుండీ పక్కపక్కన పెట్టినా ఒకే కిటికీ దగ్గర ఉన్నట్టు అనిపిస్తాయి.

తర్వాత మెరుపు చూడాలి. నీటిరంగుల్లో తెల్లరంగు పూయడం కాదు పద్ధతి, ఆ చోట రంగు పెట్టకుండా కాగితాన్నే వదిలేయాలి. ఒక్కసారి కుంచె జారితే మెరుపు పోయినట్టే, తిరిగి తేవడం కష్టం. పళ్లెం అంచున తళుక్కుమనే సన్నటి తెల్లగీత చూసినప్పుడల్లా, చుట్టూ రంగు వేస్తూ ఆ వెంట్రుకవాసి జాగాను కాపాడుకున్న చేయి నాకు గుర్తొస్తుంది.

ఈ పనితనం గాల్లోంచి రాలేదు. బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో పనిచేసే సుజానే చాప్‌మన్ ఈ పద్ధతి నేర్పారు. ఈజిప్టు సమాధుల గోడల మీది శిల్పాలను చూసినవాళ్లు నిజమనుకునేంతగా రంగుల్లో దించిన జోసెఫ్ లిండన్ స్మిత్ దారి అది. ఫారోల సమాధికి వాడిన ఓపికను వెన్న అచ్చుకు వాడటం! నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. పలచటి రంగు ఒక పొర, ఆరాక ఇంకో పొర, ఆ పైన ఇంకోటి. నేత దుప్పటి అయితే పడుగు ఎక్కడ పేకను దాటిందో ఆ అల్లిక కనిపించేదాకా వేయాలి. ఒక్క బొమ్మకు వారాలు పట్టేది.

రాతిజాడీలనే తీసుకోండి. ఆ జాడీలను ఆవంలో కాల్చేటప్పుడు మంట బాగా రాజుకున్నాక లోపలికి ఉప్పు చల్లుతారు. ఉప్పు ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి పైన గాజులాంటి పూత కడుతుంది. ఆ పూత నున్నగా ఉండదు, బత్తాయి తొక్కలా సన్నటి గుంటలతో ఉంటుంది. కాల్చకముందే కోబాల్టు నీలంతో గీసిన పిట్ట ఆ పూత కింద ఉండిపోతుంది. బూడిదరంగు మట్టి, దాని మీద నీలం, ఆపైన గుంటల మెరుపు. ఇండెక్స్ బొమ్మల్లో మంచివి చూస్తే ఈ మూడూ విడివిడిగా తెలుస్తాయి. పిట్ట తోక దగ్గర కుమ్మరి కుంచె ఆగిన చోట నీలం చిక్కబడుతుంది, దాన్ని కూడా వదలరు.

కెమెరా లేదా అని అడగొచ్చు. ఉంది. రంగు ఫొటో అప్పట్లో ఖరీదు, పైగా రంగులు నిలిచేవి కావు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఇత్తడి వస్తువును ఫోన్‌తో ఫొటో తీసి చూడండి. అందులో పైన తిరుగుతున్న ఫ్యాను, కిటికీ, ఫోన్ పట్టుకున్న మీరు, అన్నీ పడతాయి. అసలు వస్తువు ఎక్కడుందో వెతుక్కోవాలి. చిత్రకారుడు ఫ్యానునూ కిటికీనీ పక్కన పెట్టి, వస్తువుకు సొంతమైన వాటినే ఉంచుతాడు. అరిగిన అంచును ఉంచుతాడు. అతుకును ఉంచుతాడు. వాడినవాళ్ల చేతి గుర్తునూ ఉంచుతాడు.

కథలో పాత్ర కాదు, కథే

వస్తువుల బొమ్మలను చూసి ఆనందించే కన్ను తెలుగువాళ్లకు కొత్తది కాదు. చందమామ చదివి పెరిగినవాళ్లందరికీ ఉంది. విక్రమార్కుడి కథలకు శంకర్ వేసిన బొమ్మల్లో సింహాసనం కోళ్లు, కత్తిపిడి, దీపపు సెమ్మె, ఏదీ పైపైన గీసి వదిలేసినట్టు ఉండేది కాదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లో వంకీ, పాపిటబిళ్ల, జడగంటలు ఎంత వివరంగా ఉండేవంటే, చూసి కంసాలి అలాంటివి చేసిపెట్టగలడు. బాపు నాలుగు గీతల్లో రాగి చెంబును నిలబెట్టేవారు.

కాకపోతే అక్కడ చెంబు కథలో ఒక పాత్ర. నాయిక పక్కనో పురోహితుడి చేతిలోనో ఉండాలి. చెంబును చెంబు కోసమే బొమ్మ వేయడం వేరు. ఆ తేడా తెలియాలంటే మన ఇంటి వస్తువు ఒకటి తీసుకుని కూర్చోవాలి. నేను కుంకుమ భరిణె తీసుకున్నాను.

అరచేతిలో ఒదిగే ఇత్తడి భరిణె. గుండ్రటి పొట్ట, చిన్న పీట, మూత మీద మొగ్గ. రోజూ చూసేదే కదా, గీయడమెంతసేపు అనిపిస్తుంది. పెన్సిల్ పట్టుకున్నాక మూతి దగ్గరే ఆగిపోతాం. గుండ్రటి మూతి పక్కనుంచి చూస్తే గుండ్రంగా ఉండదు, సాగిన గుండ్రం అవుతుంది. కన్ను కాస్త పైకి జరిగితే లావవుతుంది, కిందికి జరిగితే సన్నబడుతుంది. మూతి, పొట్ట, పీట మూడూ సాగిన గుండ్రాలే, మూడింటి లావూ వేరు. అది కుదరకపోతే కాగితం మీద భరిణె ఒరిగిపోతుంది.

అది కుదిరాక వస్తువు తన సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది. పొట్ట చుట్టూ సన్నటి గీతలున్నాయి, తరిమెన పట్టినప్పుడు పడ్డవి. కొన్ని అందం కోసం లోతుగా దింపినవి, కొన్ని ఉలి ఆనించిన జాడలు. మూత మీది మొగ్గకు రేకులు చెక్కారు. నాలుగు రేకులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి, మిగతావి నున్నగా అరిగిపోయాయి. మూత తీసేటప్పుడు బొటనవేలు ఎప్పుడూ అటువైపే పడుతుందన్నమాట. చింతపండుతో తోమి తోమి ఎత్తుగా ఉన్న చోట్లు బంగారు రంగు తేలాయి, పల్లాల్లో మాత్రం నలుపు పేరుకుంది. లోపల అడుగున గీతల్లో కుంకుమ దిగబడి ఉంది, ఎంత కడిగినా పోనిది. మూతికి లోపలివైపు ఒక చోట చిన్న సొట్ట. ఎప్పుడో కింద పడింది. సొట్టను ఎవరో లోపలినుంచి నొక్కి సరిచేశారు, మూత సరిగ్గా పట్టాలి కాబట్టి. ఇన్నేళ్లూ ఆ భరిణెలోంచి కుంకుమ తీసుకుంటూ ఇవేవీ చూడలేదు. పెన్సిల్ చేతిలో ఉంటేనే కన్ను ఆ సొట్ట దగ్గర ఆగింది.

ఇలాంటివి మన ఇళ్లల్లో ఎన్నో ఉండేవి. చిలక ఆకారంలో పిడి ఉన్న అడకత్తెర, సున్నపు కాయ, ఆకువక్క పెట్టె, గంధపు గిన్నె, పన్నీరు బుడ్డి, కాటుక కాయ, కొబ్బరికోరు, పూలసజ్జ, కొయ్య గరిటె, వామనగుంటల పీట. స్టీలు సామాన్లు వచ్చిన రోజుల్లో పాత ఇత్తడి, కంచు తూకానికి వేసి గిన్నెలు తెచ్చుకోని ఇల్లు తక్కువ. తూకానికి వెళ్లిన అడకత్తెర తిరిగి రాదు. దాని బొమ్మ ఎవరూ వేయలేదు కాబట్టి, పిడి మీద చిలక ఏ వైపు చూస్తుండేదో ఇప్పుడు అడిగినా చెప్పేవాళ్లు లేరు.

కత్తెరతో ఒకటి, పెన్సిల్‌తో ఒకటి

మన వస్తువులను నమోదు చేసినవాళ్లు లేరని కాదు. 1866లో లండన్‌లో ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల మీద 18 సంపుటాలు తయారుచేశారు. అందులో 700 నమూనాలున్నాయి. అవి బొమ్మలు కావు, అసలు బట్టలే. నేసిన చీరలనూ పంచెలనూ తలపాగాలనూ ముక్కలుగా కత్తిరించి పుటలకు అంటించారు. అలాంటివి 20 జతలు. 13 బ్రిటన్‌లో, 7 మన దేశంలో పెట్టారు. ఇక్కడివాళ్లు ఏం కట్టుకుంటారో మాంచెస్టర్ మిల్లుల వాళ్లు చూసి అలాంటివే నేయాలన్నది ఉద్దేశం. ఆ సంపుటాల వల్ల ఇవాళ పరిశోధకులకు మేలు జరుగుతున్న మాట నిజమే. కానీ చీర కొంగు ఎక్కడ మొదలై ఎలా ముగిసిందో ముక్క చెప్పలేదు. బొమ్మ వేసినవాడు చీరను చూసి, కొలిచి, మడతపెట్టి ఇంటివాళ్లకు తిరిగి ఇచ్చేస్తాడు. వస్తువు ఎవరిదో వాళ్ల దగ్గరే ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు, నేను బొమ్మ పక్షాన నిలబడటానికి.

అమెరికా వాళ్ల ఇండెక్స్‌లోనూ లోటు లేకపోలేదు. ఆ నేల మీద అందరికన్నా ముందున్న ఆదివాసుల వస్తువులను అందులో చేర్చలేదు. మానవశాస్త్రవేత్తలు వాటిని ఎలాగూ నమోదు చేస్తున్నారన్నది వాళ్లు చెప్పిన కారణం. దాంతో దేశపు కళ అని పేరు పెట్టుకున్న సంచయంలో దేశపు తొలి మనుషులకు చోటు దక్కలేదు. మనం ఇలాంటి పని తలపెడితే ముందే గుర్తుంచుకోవాల్సింది ఇది. దివాణాల్లోని వెండి పన్నీరు బుడ్లతో మొదలై అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. లంబాడీ తండాలో అద్దాలూ గవ్వలూ కుట్టిన సంచి, నడిస్తే చప్పుడు చేసే కిర్రుచెప్పులు, గొర్రెలకాపరి గొంగడి అంచు, మేదరి అల్లిన చేటకు చుట్టూ వేసిన కట్టు, ఇవన్నీ మొదటి వరసలోనే ఉండాలి.

రూత్ రీవ్స్ మన దేశంలో

ఇండెక్స్‌ను మొదలుపెట్టిన రూత్ రీవ్స్ కథ అమెరికాలో ముగియలేదు. 1956లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద ఆవిడ భారతదేశం వచ్చారు. హస్తకళలు చూడటానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. 1966లో ఢిల్లీలోనే కన్నుమూశారు. ఆ పదేళ్లూ ఊళ్లు తిరుగుతూ, పనివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పనిని నమోదు చేశారు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి హస్తకళల సలహాదారుగా పనిచేశారు. అది 1961 జనాభా లెక్కల సమయం. అప్పటి రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్ర తలల లెక్కతో సరిపెట్టలేదు. ఊళ్ల సర్వేలు, జాతర్ల పట్టికలు, హస్తకళల అధ్యయనాలు చేయించారు. ఆంధ్రప్రదేశ్ హస్తకళల మీదా అప్పుడు సంపుటాలు వచ్చాయి. జనాభా లెక్కల పుస్తకాల్లో పనివాడి ఉలికీ సుత్తికీ చోటు దొరకడం విశేషం.

రీవ్స్ 1962లో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం తరఫున ఒక పుస్తకం వెలువరించారు. మైనంతో బొమ్మ చేసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి దేశంలో ఎక్కడెక్కడ ఎలా సాగుతోందన్నది దాని విషయం. తెలుగువాళ్లకు ఈ పద్ధతి చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజ కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇదే. ఆదిలాబాద్ డోక్రాగా 2018లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గోండుల దేవతామూర్తులు, గంటలు, దీపాలు, కాళ్ల కడియాలు అక్కడివే.

ముందు బంకమట్టితో ముద్ద చేస్తారు. దాని మీద మైనాన్ని సన్నటి దారాలుగా పేని చుడతారు. కళ్లు, జుట్టు, నగలు అన్నీ మైనపు దారాలే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన గరుకు మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం పోతుంది, దారి మిగులుతుంది. ఆ దారిలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే, వేరే దారి లేదు. అచ్చు పోయింది కాబట్టి అదే బొమ్మ మళ్లీ రాదు. రెండో గంట చేస్తే అది రెండో గంటే, మొదటిదానికి నకలు కాదు. ఒకసారే పుట్టే ఇలాంటి వస్తువు మీద మైనపు దారం తిరిగిన ప్రతి మెలికనూ ఎవరైనా కూర్చుని గీస్తే చూడాలని నాకు ఎంతో కోరిక. దారం ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ అతికారు, ఎక్కడ వేలితో నొక్కారు అన్నది ఇత్తడిలో నిలిచిపోతుంది. గీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి!

బొమ్మ చూసి బుట్ట అల్లొచ్చు

చక్కటి బొమ్మ వస్తువును చూపిస్తుంది. అంతకన్నా మంచి బొమ్మ వస్తువు ఎలా తయారైందో కూడా చెబుతుంది. మన దేశంలో ఈ రెండో రకానికి నాకు తెలిసిన గొప్ప నిదర్శనం ఈశాన్య రాష్ట్రాల వెదురు, బెత్తం పనుల మీద ఎం.పి. రంజన్, నీలం అయ్యర్, ఘనశ్యామ్ పాండ్యా తెచ్చిన పుస్తకం. 1986లో వచ్చింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్లు ఊరూరా తిరిగి చేసిన పని. అందులో బుట్టలకు నలుపు గీతల బొమ్మలున్నాయి. అడుగు చదరంగా మొదలై మూతి గుండ్రంగా ఎలా మారుతుందో, అంచుకు బెత్తపు నార ఎన్ని చుట్లు తిరిగి ఎక్కడ దూరుతుందో, వీపున మోసే పట్టీని ఎలా తగిలిస్తారో గీత వెంట వేలు పెట్టి పోల్చుకోవచ్చు. ఇక్కడ ఇండెక్స్‌లోలాగ మెరుపూ నీడా లేవు. అల్లిక ఉంది. ఏ బద్ద పైన వెళ్లింది, ఏది కిందికి దిగింది. వెదురు పని తెలిసినవాడు ఆ పుట చూసి బుట్ట మొదలుపెట్టగలడు.

ఆ సంస్థ పుట్టుకకు దారితీసిన నివేదికలో కూడా ఒక చిన్న వస్తువు ఉంది. 1958లో భారత ప్రభుత్వానికి డిజైనర్లైన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు నివేదిక ఇస్తూ, తాము చూసిన వాటిలో లోటాను, అంటే మన చెంబును, ఎత్తి చూపారు. పట్టుకునే చేయి, ఆనించుకునే నడుము, నీళ్లు ఒంపే తీరు, తోమే తీరు, ఇవన్నీ తరాలుగా కలిసి ఆ ఆకారాన్ని దిద్దాయని రాశారు. ఒక దేశానికి డిజైన్ విద్య ఎలా ఉండాలో చెప్పడానికి చెంబును ఎంచుకున్నారంటే, వాళ్ల చూపు మీద నాకు గౌరవం కలుగుతుంది.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లకు బొమ్మ అంటే పనిముట్టు. టేకు చెక్కను నున్నగా చేసి, దాని మీద కాగితపు బొమ్మను దించి, ఆ గీత వెంబడే ఉలి నడుపుతారు. హద్దు గీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే పువ్వు పువ్వుగా ఉంటుంది, లేకపోతే రంగు గీత దాటుతుంది. అరిగిన అచ్చును మళ్లీ చెక్కాలంటే పాత కాగితం కావాలి. ఆ కాగితాలు ఎవరింట్లో ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో ఒక్కచోట చేర్చి చూసిన పుస్తకం నా కంటపడలేదు. అది రావాలి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీ పాందాన్లు, హుక్కా బుడ్లు ఉన్నాయి. నల్లటి లోహంలో వెండి తీగ ఆకై, తీగై, గసగసాల పువ్వై పాకుతుంటుంది. అద్దం పెట్టెల ముందు జనం సెల్‌ఫోన్ ఎత్తి ఒక ఫొటో తీసుకుని తర్వాతి గదికి పోతుంటారు. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ తీసుకెళ్లి ఒక్క పాందాన్ మూత మీది పువ్వును గీసి చూడండి. బాగా రావాలని నియమం లేదు. వెండి తీగ ఎక్కడ తెగి ఎక్కడ మళ్లీ మొదలైందో అప్పుడు తెలుస్తుంది.

ఇండెక్స్ బొమ్మలను నేషనల్ గ్యాలరీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఎవరైనా పెద్దవి చేసి, కుంచె గీతల దాకా చూడొచ్చు. ప్రతి బొమ్మతోపాటు ఒక వివరాల పత్రం ఉండాలన్నది అప్పటి నియమం. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, ఎప్పటిది, కొలతలెంత, బొమ్మ వేసేనాటికి ఎవరి దగ్గరుంది. బొమ్మ వేసినవారి పేరు ఉంటుంది. వస్తువు చేసినవారి పేరు మాత్రం చాలా చోట్ల తెలియదనే రాసుంది. ఎనభై ఏళ్ల తర్వాత దాన్ని పూరించడం ఇక ఎవరి వల్లా కాదు.

మనకు ఇంకా అవకాశం ఉంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం చిత్రకళ నేర్పుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒక నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015 నుంచి నడుస్తోంది. చిత్రకళ నేర్చుకునే పిల్లలు మొదట్లో స్టిల్‌లైఫ్ అని గాజు సీసా, ఆపిల్ పండు, వెనక మడతలు పడిన గుడ్డ పెట్టుకుని గీస్తారు. ఈసారి సీసా తీసేసి ఇంటి నుంచి ఒక అడకత్తెరనో మేదరి బుట్టనో తెమ్మనాలి. వెలుగు ఎడమవైపు నుంచే పడనివ్వండి. వారం పట్టినా పట్టనివ్వండి. కాగితం కింద నాలుగు వరసలు రాయించాలి: ఏ వస్తువు, ఏ ఊరు, కొలతలు, ఇప్పుడు ఎవరింట్లో ఉంది. చేసినవాళ్లు ఎవరో ఆ ఇంటి పెద్దవాళ్లకు గుర్తుంటే, వాళ్ల పేరు అన్నిటికన్నా పైన రాయాలి.